దూరం మెషీన్‌ను చూసి యూనిక్స్ గడియారం దిద్దుకునుడు: మనోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, ఇటు పాలమూరు, జడ్చర్ల, వనపర్తి దిక్కు కాలేజీ ల్యాబులల్ల, రైస్ మిల్లులల్ల, చిన్న చిన్న ఆఫీసులల్ల లైనక్స్ పెట్టుకొని నడిపేటోళ్లు మస్తు మంది ఉన్నరు, వాళ్లు ఫోన్ చేసి అడిగేటివి అన్నీ ఒక్కకాడ పెడుతున్న. కమాండ్లు పలికినట్టు తెలుగులనే రాసిన, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలల్ల కొట్టుండ్రి. మైనస్ అంటే అడ్డగీత, ఎట్ అంటే మెయిల్ ఐడీల ఉండే గుర్తు. గడియారం మార్చే కమాండ్ ఏదైనా సరే రూట్ పర్మిషన్ కావాలె, ముందు సుడో తగిలించుండ్రి, ప్రతిసారి చెప్ప.

అన్నా, నా మెషీన్ల టైమ్ తప్పున్నది, నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకోవాలె. పొట్టిగ చెప్పు.

క్రోనీ అనే టైమ్ దిద్దే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చెయ్యి, క్రోనీడీ సర్వీస్‌ను ఆన్ చేసి బూట్‌ల లేచేటట్టు ఎనేబుల్ చెయ్యి, క్రోనీసీ మేక్‌స్టెప్ అని ఒక్కసారి కొట్టు, అయిపోయింది. రెడ్‌హ్యాట్ 7 నుంచి డిఫాల్ట్‌గనే క్రోనీ వస్తది, 8ల పాత ఎన్‌టీపీ ప్యాకేజీనే తీసేసిండ్రు (ఎన్‌టీపీ అంటే నెట్ మీద మెషీన్లు టైమ్ కలుపుకునే పద్ధతి). ఇంట్ల ల్యాప్‌టాప్ అయితే అంత కూడా అక్కరలేదు, టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ అంటే సిస్టమ్‌డీల ఉన్న చిన్న క్లయింట్ టైమ్‌సింక్‌డీ లేస్తది. అది ఒక టైంల ఒక్క సర్వర్‌నే నమ్ముతది, ఇంకొకలకు టైమ్ పంచలేదు, కానీ ల్యాప్‌టాప్‌కు గది చాలు.

పనైతే అయిపోయింది. కానీ మళ్లీ వారానికి ఫోన్ చేస్తరు కాబట్టి కింద ఉన్నది కూడా చదువుండ్రి.

టైమ్ కరెక్ట్‌గ 5 గంటల 30 నిమిషాలు తేడా చూపిస్తున్నది. సర్వర్ తప్పు చెప్తున్నదా?

సర్వర్ తప్పు కాదు, నీ గడియారం కూడా తప్పు కాదు. 5:30 అని కనిపిస్తే అది టైమ్‌జోన్ సంగతి. యూనిక్స్ లోపల నడిచేది 1970 జనవరి 1 అర్ధరాత్రి యూటీసీ (ప్రపంచానికంతా ఒకటే లెక్క టైమ్, మనది దానికంటే 5:30 ముందు) నుంచి లెక్కబెట్టిన సెకన్లు, అంతే, ఆ సెకన్లకు నల్గొండ తెల్వదు లండన్ తెల్వదు. దాన్ని మన టైమ్‌గ చూపించేది టైమ్‌జోన్ ఫైలు. నెట్‌ల నుంచి వచ్చేది కూడా యూటీసీనే, ఏ సర్వర్ కూడా నీకు భారత టైమ్ అని వేరుగ పంపదు.

అందుకే అన్నిటికంటే ముందు డేట్ మైనస్ యు అని కొట్టి చూడుండ్రి. వచ్చిన దానికి 5:30 కలిపితే గోడ మీది టైమ్ వచ్చిందా? వస్తే గడియారం మంచిగనే ఉన్నది, జోన్ ఒక్కటే మార్చాలె: టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా (ఇండ్ల మాత్రం ఏ, కె పెద్ద అక్షరాలు). లిస్టుల హైదరాబాద్ కోసం వెతుకుతరు కొందరు, ఉండదు, దేశం మొత్తానికి ఒకటే జోన్, దాని పేరు కోల్‌కతా. పాత మెషీన్లల్ల కలకత్తా అనే పాత స్పెల్లింగ్ ఉంటది, రెండూ ఒకటే.

దీన్ని గడియారం తప్పు అనుకొని డేట్ కమాండ్‌తోని చేత్తో 5:30 జరిపేటోళ్లు ఉన్నరు చూడుండ్రి, వాళ్లతోనే తలనొప్పి. స్క్రీన్ మీద బరాబర్ కనిపిస్తది, కానీ లోపల యూటీసీ ఐదున్నర గంటలు ముందుకు పోయి కూసుంటది, సర్టిఫికెట్లు, లాగిన్ టోకెన్లు, లాగులు అన్నీ ఖరాబ్, తర్వాత ఎన్‌టీపీ ఆన్ చేస్తే మళ్లీ పాత తప్పు టైమే కనిపించి ఎన్‌టీపీనే తప్పు అంటరు.

విండోస్, ఉబుంటు రెండూ ఒక్క మెషీన్ల ఉన్నయి. ఒకదాంట్ల సరిచేస్తే ఇంకోదాంట్ల తప్పుతది.

మదర్‌బోర్డు మీద ఒక చిన్న హార్డ్‌వేర్ గడియారం ఉంటది, మెషీన్ బంద్ ఉన్నప్పుడు నడిచేది అది. లైనక్స్ దాంట్ల యూటీసీ ఉంటదనుకుంటది, విండోస్ లోకల్ టైమ్ ఉంటదనుకుంటది. విండోస్ పొద్దున 10 గంటలని రాసి పోతే లైనక్స్ దాన్ని యూటీసీ అనుకొని 5:30 కలిపి మధ్యాహ్నం మూడున్నర అంటది. లైనక్స్ నెట్ చూసి దిద్దుకొని యూటీసీ రాసి పోతే విండోస్ ఐదున్నర గంటలు వెనుకబడతది. ఇద్దరూ రాసుకుంట పోతరు, నువ్వు మధ్యల నలిగిపోతవ్.

లైనక్స్‌ను మార్చకుండ్రి, విండోస్‌ను మార్చుండ్రి. రిజిస్ట్రీల టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ కింద రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అని ఒక డీవర్డ్ పెట్టి విలువ 1 ఇస్తే విండోస్ కూడా యూటీసీనే చదువుతది. లైనక్స్ దిక్కు టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 0 అని ఉంచుండ్రి.

ఎస్‌ఎస్‌హెచ్ (దూరం మెషీన్లకు లాగిన్ అయ్యేది) ఉన్నది కదా, దాంతోని పక్క మెషీన్ టైమ్ తెచ్చుకోవచ్చా? కొత్త సాఫ్ట్‌వేర్ ఏం పెట్టనియ్యరు మా ఆఫీసుల.

తెచ్చుకోవచ్చు. అవతలి మెషీన్ల డేట్ ప్లస్ పర్సెంట్ ఎస్ అని నడిపిస్తే 1970 నుంచి ఎన్ని సెకన్లో ఒక్క నంబర్ వస్తది. ఆ నంబర్ ముందు ఎట్ గుర్తు పెట్టి ఇక్కడ డేట్ మైనస్ ఎస్‌కు ఇస్తే సరి. లైనక్స్ల నడిచే పద్ధతి ఇది, బీఎస్‌డీల డేట్ కమాండ్ వేరేగ ఉంటది, మాన్యువల్ చూసుకోవాలె. తేదీని మాటలల్ల తెచ్చుకోకుండ సెకన్ల నంబరే తెచ్చుకోవాలె, ఎందుకంటే అవతలిది యూటీసీల ఉండి ఇది భారత టైమ్‌ల ఉంటే మళ్లీ ఐదున్నర గంటల లొల్లి, నంబర్‌కు ఆ బాధ లేదు.

ఇది ఎంత కరెక్ట్ అంటే, అవతల సెకండు లోపటి ముక్క కట్ అయిపోతది, వాపస్ వచ్చేదాంక పట్టిన టైమ్ పోతది, కాబట్టి నీ గడియారం ఒక సెకండు అటూ ఇటుగ వెనుకనే ఉంటది. లాగులు చూసుకోనీకె చాలు.

ఉల్టా చేసేటోళ్లు జాగ్రత్త. అంటే నీ ల్యాప్‌టాప్ టైమ్ తీసుకపోయి అవతలి సర్వర్‌కు పెట్టుడు. అట్ల చేసినప్పుడు నంబర్ ముందే ఇక్కడ లెక్కైపోతది, ఆ తర్వాత కనెక్షన్ కలవాలె, పాస్‌వర్డ్ అడగాలె, నువ్వు కొట్టాలె, అప్పుడు అవతల గడియారం సెట్ అయితది. పాస్‌వర్డ్ కొట్టనీకె ఎన్ని సెకన్లు పడితే అన్ని సెకన్లు సర్వర్ వెనుకబడతది. కీ పెట్టుకొని చేస్తే కొంత నయం. ఇంకా నయం ఏందంటే సర్వర్‌లకు లాగిన్ అయినంక అక్కడి నుంచే టైమ్ గుంజుకునుడు.

ఆర్‌డేట్ అని పాత కమాండ్ ఉన్నదంట. మా సార్ అదే చెప్పిండు.

మీ సార్ చెప్పింది తప్పేం కాదు, పాతది అంతే. 1983 మేల వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రం) 868 పద్ధతి అది, పోర్ట్ 37. అడిగితే అవతలి మెషీన్ 1900 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లైనయో నాలుగు బైట్లల్ల పంపిస్తది, మనది దాంట్ల నుంచి 2208988800 తీసేస్తే యూనిక్స్ టైమ్ వస్తది. అంత సింపుల్. ఆర్‌డేట్ మైనస్ పి పెట్టి సర్వర్ పేరిస్తే చూపిస్తది, లైనక్స్ల మైనస్ ఎస్ అంటే సెట్ కూడా చేస్తది.

దారిల ఎంత టైమ్ పోయిందో అది పట్టించుకోదు, సెకండు కంటే చిన్నది తెల్వదు, చెప్పింది ఎవరో చెక్ చెయ్యదు. ఒకప్పుడు ఐనెట్‌డీల లోపటనే ఈ టైమ్ సర్వీస్ ఉండేది, ప్రతి యూనిక్స్ మెషీన్ టైమ్ సర్వరే అన్నట్టు, ఇప్పుడు ఎవ్వరూ ఆన్ పెట్టరు. నీ లోపలి నెట్‌వర్క్‌ల ఒక పాత సోలారిస్ డబ్బా ఉండి దానికి వేరే ఏది రాకపోతే వాడు, లేకుంటే వదిలేయ్.

మరి ఎన్‌టీపీ దారిల పోయే టైమ్‌ను ఎట్ల పట్టుకుంటది?

నాకు బాగ నచ్చే భాగం ఇది, జరంత ఓపికతోని చదువుండ్రి. నాలుగు టైమ్‌లు రాసుకుంటది. మనం పంపినప్పుడు మన గడియారం, సర్వర్‌కు అందినప్పుడు సర్వర్ గడియారం, సర్వర్ జవాబు పంపినప్పుడు సర్వర్ గడియారం, మనకు అందినప్పుడు మళ్లీ మన గడియారం. మన దగ్గర 10:00:00.000కు పంపినం అనుకో. సర్వర్ 10:00:02.040కు అందింది అన్నది, 10:00:02.041కు జవాబు పంపిన అన్నది. మనకు 10:00:00.081కి చేరింది. పోయేటప్పుడు తేడా 2.040, వచ్చేటప్పుడు తేడా 1.960, రెండు కలిపి సగం చేస్తే 2.000. అంటే మన గడియారం సరిగ్గ 2 సెకన్లు వెనుక. మొత్తం దారి ఖర్చు 0.081ల సర్వర్ దగ్గర ఆగిన 0.001 తీసేస్తే 80 మిల్లీసెకన్లు.

సగం చేసుడుల ఒక నమ్మకం ఉన్నది, పోయే దారి వచ్చే దారి సమానం అని. పోవుడు 20, వచ్చుడు 60 మిల్లీసెకన్లైతే 20 మిల్లీసెకన్ల తప్పు వస్తది, అది ఎన్‌టీపీకి కనిపించదు. మొబైల్ డేటా మీద నడిపేటోళ్లకు అందుకే అటూ ఇటూ ఊగుతది. సెకండుల పదో వంతు కూడా కాదు కాబట్టి మనకేం ఫరక్ పడదు.

దీన్ని తయారు చేసింది అమెరికాల డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మిల్స్, 1985ల మొదటి ఆర్‌ఎఫ్‌సీ, ఇప్పుడు నడిచే నాలుగో వెర్షన్ 2010ల ఆర్‌ఎఫ్‌సీ 5905. ఆయన 2024 జనవరిల చనిపోయిండు.

స్ట్రాటమ్ అంటే ఏంది? 16 అని వస్తే మంచిదా?

మంచిది కాదు, 16 అంటే ఎవ్వరితోని కలవలేదని. నల్గొండల గడియారం సెంటర్ ఉన్నది కదా, దాన్ని చూసి నువ్వు చేతి గడియారం పెట్టుకుంటే నీది ఒక మెట్టు కింద, నువ్వు నకిరేకల్ పోయి నీ గడియారం చూపించి ఇంకొకలది పెడితే వాళ్లది రెండు మెట్లు కింద. గట్లనే, అటామిక్ గడియారం, జీపీఎస్ లాంటివి సున్నా, దానికి నేరుగ తగిలించిన సర్వర్ 1, దాన్ని అడిగేటిది 2, అట్ల 15 దాంక. చిన్న నంబర్ ఉన్నది ప్రతిసారి మేలు అనుకోకుండ్రి, ఎక్కడో దూర దేశంల ఉన్న స్ట్రాటమ్ 1 కంటే దగ్గర్ల ఉన్న స్ట్రాటమ్ 2 చాలాసార్లు నయం.

మేము క్రాన్ల (టైమ్ ప్రకారం పనులు నడిపేది) గంటకోసారి ఎన్‌టీపీడేట్ (ఒక్కసారి టైమ్ తెచ్చి పెట్టే పాత కమాండ్) పెట్టినం. అది చాలదా?

నన్నడిగితే ఈ పేజీల అసలు ప్రశ్న ఇదే. గడియారం ఒక్కసారి సెట్ చేసుడు వేరు, సెట్ అయి ఉండేటట్టు చేసుడు వేరు. ఎన్‌టీపీడేట్ తేడా అర సెకండు దాటిందంటే గడియారాన్ని ఒక్క దెబ్బకు జరుపుతది. ముందుకు జరిపితే మధ్యల ఉన్న సెకన్లు మాయం, వెనక్కి జరిపితే అవే సెకన్లు రెండుసార్లు వస్తయి. డేటాబేస్‌ల తర్వాత వచ్చిన రికార్డు ముందు వచ్చినట్టు పడతది. డవ్‌కాట్ మెయిల్ సర్వర్ పాత వెర్షన్లైతే టైమ్ వెనక్కి పోయిందని లాగ్‌ల రాసి తనంతట తానే బంద్ అయిపోయేది, నవ్వొస్తది కానీ దాని భయం దానిది.

డెమన్, అంటే వెనుక ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రామ్, అట్ల చెయ్యదు. పాత డెమన్ ఎన్‌టీపీడీ, తేడా 128 మిల్లీసెకన్ల లోపల ఉంటే దుంకదు, గడియారం నడకనే కొంచెం తేజ్ చేస్తది లేకుంటే స్లో చేస్తది, ప్రతి సెకండు వస్తది, ఏదీ రెండుసార్లు రాదు. ఎక్కువల ఎక్కువ పది లక్షలకు 500 పాళ్ల చొప్పున జరుపుతది, అంటే ఒక్క సెకండు ఇట్ల దిద్దనీకె 2000 సెకన్లు, అర్ధగంట పైన. అయిదు నిమిషాల తేడా ఇట్ల దిద్దాలంటే వారం పడతది, అందుకే పెద్ద తేడా బూట్ అయినప్పుడే దుంకించి, ఆ తర్వాత మెల్లగ దిద్దుకుంట పోవాలె. క్రోనీ ఇంకా తేజ్‌గ దిద్దగలదు.

ఇంకో లాభం ఏందంటే డెమన్ మీ మెషీన్ గడియారాన్ని నడిపే స్ఫటికం రోజుకు ఎంత తప్పుతదో నేర్చుకొని డ్రిఫ్ట్ ఫైల్ల రాసిపెట్టుకుంటది, నెట్ పోయినా ఆ లెక్కతోని నడిపిస్తది. క్రాన్ల పెట్టినది ఏమీ నేర్చుకోదు, ప్రతి గంటా కొత్తగనే మొదలు. అదీ గాక వేల మెషీన్లు సరిగ్గ గంట కొట్టంగనే ఒకేసారి సర్వర్ మీద పడితే వాళ్లకు కూడా తకలీఫ్. పైగా ఎన్‌టీపీడేట్‌ను దాన్ని రాసినోళ్లే వదిలేయమని ఎప్పుడో చెప్పిండ్రు. ఒక్కసారి సెట్ చేసి బయటికి రావాలంటే క్రోనీడీ మైనస్ చిన్న క్యూ ఉన్నది, సెట్ చెయ్యకుండ తేడా ఒక్కటే చూపించాలంటే మైనస్ పెద్ద క్యూ.

ఎన్‌టీపీడేట్ కొడితే సాకెట్ వాడుకల ఉన్నదని చెప్పి బయటికొస్తున్నది.

ఆల్రెడీ ఎన్‌టీపీడీయో ఇంకోటో నడుస్తున్నది, పోర్ట్ 123 దాని చేతుల ఉన్నది. రెండు డెమన్లు ఒక్క గడియారం మీద కూసోవద్దు, ఏదో ఒకటి ఉంచుండ్రి.

ఏ సర్వర్ల పేర్లు పెట్టాలె? మనదేశంల ఉన్నయా?

ఉన్నయి. మన ప్రామాణిక టైమ్‌ను ఢిల్లీల ఉన్న నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్లు అటామిక్ గడియారాలతోని నడుపుతరు, వాళ్ల సర్వర్ టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ. ఎన్‌ఐసీ (సర్కారు కంప్యూటర్ సంస్థ) వాళ్లవి సమయ్1, సమయ్2, రెండిటి వెనుక డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్. కంపెనీలోళ్లు, డేటా సెంటర్లోళ్లు, సర్కారు ఆఫీసులోళ్లు ఇది వినుండ్రి, సర్ట్-ఇన్ (దేశ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీ సిస్టమ్‌లు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతోని, లేకుంటే వాటితోని ముడిపడ్డ సర్వర్లతోని కలిసి ఉండాలె. ఇల్లు, దుకాణం అయితే పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఓఆర్‌జీ ముందు ఇన్ డాట్ పెట్టుకుంటే మన దిక్కున్న సర్వర్లు వస్తయి.

ఎన్ని పెట్టాలె అంటే నాలుగు. ఒక్కటే ఉంటే అది ఏది చెప్తే అదే నిజం. రెండు ఉండి తలా ఒక మాట చెప్తే ఎవరు అబద్ధమో తెల్వదు. మూడు ఉంటే ఒకటి తప్పినా దొరుకుతది, నాలుగోది ఏదన్న బంద్ అయితే ఆసరా. ప్రతి లైన్ చివర ఐబర్స్ట్ అని రాస్తే మొదట్ల గబగబ కొన్ని ప్యాకెట్లు పంపి జల్దీ కలుస్తది. గూగుల్ సర్వర్‌ను మిగతావాటితోని కలిపి పెట్టొద్దు, కారణం లీప్ సెకండు ముచ్చట్ల చెప్తా.

కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా మెషీన్ ఎప్పటిదో తేదీల లేస్తున్నది. ఎన్‌టీపీ ఉన్నది, అయినా దిద్దుతలేదు.

ముందు సెల్ మార్చుండ్రి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అని గుండ్రటి సెల్ ఉంటది, గడియారాల దుకాణంల కూడా దొరుకుతది. అది అయిపోతే ప్లగ్గుల కరెంట్ ఉన్నంతసేపే హార్డ్‌వేర్ గడియారం నడుస్తది, మన దిక్కు ఎండాకాలం కోతలల్ల ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు తయారైన నాటి తేదీకి పోతది.

ఇగ ఎన్‌టీపీ ఎందుకు దిద్దలేదు అంటే, ఎన్‌టీపీడీ తేడా 1000 సెకన్లు దాటితే ఏదో పెద్ద గడబిడ ఉన్నదని తప్పుకుంటది. దానికి మైనస్ జి ఇస్తే మొదటిసారి ఎంత తేడా ఉన్నా ఒప్పుకుంటది. క్రోనీల అయితే కాన్ఫిగ్ ఫైల్ల మేక్‌స్టెప్ 1.0 3 అని ఒక లైన్ ఉండాలె, తేడా ఒక సెకండు దాటితే మొదటి మూడు అప్‌డేట్లల్ల దుంకించు అని దాని అర్థం. ఆర్‌టీసీసింక్ అనే లైన్ కూడా ఉంటే కర్నెల్ 11 నిమిషాలకోసారి సరైన టైమ్‌ను హార్డ్‌వేర్ గడియారంల రాస్తది. చేత్తో రాయాలంటే హెచ్‌డబ్ల్యూక్లాక్ మైనస్ డబ్ల్యూ.

ఇంకో తిరకాసు ఉన్నది. తేదీ ఏండ్లు వెనుక ఉంటే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు ఇంకా మొదలు కాలేదంటది, డీఎన్‌ఎస్‌సెక్ (పేర్ల మీది సంతకాలు) చెక్ చేసే రిజాల్వర్ (పేరుకు ఐపీ వెతికేది) ఉంటే పేర్లే దొరకయి, పేరు దొరకకపోతే ఎన్‌టీపీ సర్వర్ దొరకదు, అది దొరకకపోతే టైమ్ రాదు. అట్లాంటి కాడ ఒక్క సర్వర్‌నన్న ఐపీ నంబర్‌తోని పెట్టుండ్రి, మీ గేట్‌వేదే అయితే మంచిది. కొన్నిసార్లు బూట్ కూడా కాదు, డిస్క్ పోయినసారి మౌంట్ అయిన టైమ్ భవిష్యత్తుల ఉన్నదని డిస్క్ చెక్ చేసే ఎఫ్‌ఎస్‌సీకే దగ్గర ఆగుతది. డిస్క్ ఖరాబైందని దుకాణానికి తీసుకపోకుండ్రి, సెల్ చూసుకొని బయోస్‌ల తేదీ పెట్టి మళ్లీ లేపుండ్రి.

ఎండకు కూడా గడియారం తప్పుతదా? ఎండాకాలం మా దాంట్ల తేడా ఎక్కువస్తున్నట్టనిపిస్తది.

అనిపించుడు కాదు, నిజమే. హార్డ్‌వేర్ గడియారంల 32,768 హెర్ట్జ్ స్ఫటికం ఉంటది, అది 25 డిగ్రీల దగ్గర బరాబర్ నడిచేటట్టు చేస్తరు, వేడెక్కినా చల్లబడినా స్లో అయితది. ఏసీ లేని రూంల, నల్గొండ మే నెల 45 డిగ్రీలల్ల, ఆ 20 డిగ్రీల తేడాకే రోజుకు ఒక సెకండు పైన వెనుకబడొచ్చు. అసలుకే మామూలు స్ఫటికాలు పది లక్షలకు 20 పాళ్లు అటూ ఇటూ ఉంటయి, అంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్లు దాటుతది. రెండూ ఒకే దిక్కు కలిస్తే నువ్వే లెక్కబెట్టుకో. మెషీన్ ఆన్ ఉన్నప్పుడు లైనక్స్ వాడేది వేరే స్ఫటికం, దానికి కూడా వేడి తగులుతది, కానీ డెమన్ నడుస్తుంటే అది ఎప్పటికప్పుడు దిద్దుకుంట పోతది.

రాస్‌ప్‌బెర్రీ పై పెట్టినం బోరు మోటర్ దగ్గర. సెల్లే లేదు దాంట్ల.

పై 4 దాంక హార్డ్‌వేర్ గడియారమే లేదు, పై 5ల ఉన్నది కానీ సెల్ నువ్వు తగిలించాలె. ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ప్యాకేజీ బంద్ అయ్యేటప్పటి టైమ్‌ను ఫైల్ల రాసి లేచినప్పుడు అక్కడి నుంచి మొదలుపెడతది, 1970 నుంచి మొదలు కాకుండ కాపాడుతది, అంతకంటే ఎక్కువ ఆశపడొద్దు. డీఎస్3231 చిప్ ఉన్న చిన్న బోర్డు తగిలించుండ్రి, ఉష్ణోగ్రతను చూసుకొని దిద్దుకునే చిప్ అది, పొలంల ఎండకు గదే కావాలె.

సిమ్ డాటా అయిపోతదని భయపడేటోళ్లకు: ఎన్‌టీపీ ప్యాకెట్ అన్నీ కలిపి 76 బైట్లు. అంతా స్థిరపడినంక 1024 సెకన్లకోసారి అడిగితే పోవుడు వచ్చుడు కలిపి రోజుకు ఒక్క సర్వర్‌కు 13 కేబీ కూడా కాదు. వాట్సాప్ల ఒక గుడ్ మార్నింగ్ ఫోటో దీనికంటే పెద్దది.

కాలేజీ నెట్‌వర్క్‌ల సర్వర్ అందుతలేదు. బ్రౌజర్ మంచిగనే నడుస్తున్నది.

బ్రౌజర్ పోయే దారి వేరు, ఎన్‌టీపీ పోయేది యూడీపీ పోర్ట్ 123. ఫైర్‌వాల్ల అది మూసి ఉంటది. 2014 మొదట్ల ఎన్‌టీపీ సర్వర్ల మోన్‌లిస్ట్ అనే కమాండ్‌ను అడ్డం పెట్టుకొని పెద్ద పెద్ద దాడులైనయి, అప్పటి నుంచి చాలామంది అడ్మిన్లు ఆ పోర్ట్ పేరు చెప్తేనే మూసేస్తున్నరు. అడ్మిన్ సార్‌ను మంచిగ అడుగుండ్రి: అన్ని మెషీన్లకు తెరవనక్కరలేదు, ల్యాబ్‌ల ఒక్క మెషీన్‌కు తెరిస్తే చాలు, మిగతావి దాన్నే అడుగుతయి.

అస్సలు తెరవరు అంటే వెబ్ సర్వర్ జవాబుల డేట్ అనే హెడర్ ఉంటది, దాన్ని చూసి సెట్ చేసే హెచ్‌టీపీడేట్ అనే ప్రోగ్రామ్ ఉన్నది. సెకండు దాంకనే కరెక్ట్, కానీ ప్రాక్సీ వెనుక ఉన్నోళ్లకు దిక్కు అదే.

మా మిల్లుల ఇంటర్నెట్టే లేదు. కాంటా కంప్యూటర్, బిల్లింగ్, కెమెరా డబ్బా, మూడింట్ల మూడు టైమ్‌లు. లారీ కాంటా ఎక్కకముందే బిల్లు అయినట్టు చీటీ వస్తున్నది.

మిర్యాలగూడ దిక్కు ఇది మామూలు ముచ్చట. మూడిట్లకు బయటి ప్రపంచం టైమ్ కంటే ముందు ఒకదానితోని ఒకటి కలుసుడు ముఖ్యం. ఎప్పుడూ ఆన్ ఉండే ఒక లైనక్స్ మెషీన్‌ను పెద్దదిగ పెట్టుండ్రి. దాని క్రోనీ కాన్ఫిగ్ల అలౌ అని రాసి మీ లోపలి నెట్‌వర్క్ నంబర్ ఇయ్యాలె, ఉదాహరణకు 192.168.1.0/24, ఇంకో లైన్ల లోకల్ స్ట్రాటమ్ 10 అని రాయాలె. ఈ రెండో లైన్ లేకపోతే బయటి సర్వర్ అందనప్పుడు అది ఎవ్వరికీ టైమ్ చెప్పదు. మిగతా రెండూ దీని ఐపీని సర్వర్‌గ పెట్టుకుంటయి, కెమెరా డబ్బా మెనూల కూడా ఎన్‌టీపీ సర్వర్ అని ఒక గడి ఉంటది, అండ్ల కూడా ఇదే ఐపీ.

ఇగ పెద్దదాన్ని వారానికోసారి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి పది నిమిషాలు ఉంచితే చాలు. నల్లమల దిక్కు, అమ్రాబాద్, మన్ననూర్ అవతల సిగ్నల్ కూడా ఉండని కాడ అయితే జీపీఎస్ రిసీవర్ తగిలించొచ్చు. యూఎస్‌బీది అగ్గువల వస్తది కానీ సెకండుల పదో వంతు దాంక ఊగొచ్చు, పీపీఎస్ (సెకండుకోసారి సిగ్నల్ ఇచ్చే) వైర్ ఉన్నది తెచ్చుకుంటే మైక్రోసెకన్ల లెక్కల వస్తది. మిల్లు చీటీలకు యూఎస్‌బీది సాలు.

డాకర్ కంటైనర్ల టైమ్ మార్చుతుంటే పర్మిషన్ లేదంటున్నది, రూట్‌గనే ఉన్న.

కంటైనర్‌కు సొంత గడియారం లేదు, హోస్ట్ (దాన్ని నడిపే అసలు మెషీన్) దే అందరిదీ. మార్చాలంటే సిస్ టైమ్ అనే కేపబిలిటీ కావాలె, ఇస్తే హోస్ట్ మొత్తం మారుతది, ఇయ్యకుండ్రి. హోస్ట్‌ల దిద్దుండ్రి. వర్చువల్ మెషీన్ వేరు, దానికి సొంతది ఉంటది, లోపల క్రోనీ నడిపిస్తే బయటి గెస్ట్ టూల్స్ల టైమ్ సింక్ బంద్ పెట్టాలె, లేకుంటే చెరో దిక్కు గుంజుతరు.

కలిసిందో లేదో ఎట్ల తెలుస్తది?

క్రోనీసీ సోర్సెస్ కొట్టు. పేరు ముందు చుక్క గుర్తు, అంటే స్టార్, ఉన్నది ఎంచుకున్న సర్వర్, ప్రశ్నార్థకం ఉంటే అందుతలేదని. రీచ్ కాలమ్‌ల 377 ఉంటే పోయిన ఎనిమిదిసార్లు అడిగితే ఎనిమిదిసార్లు జవాబొచ్చిందని, అది ఆక్టల్ నంబర్, 377 మార్కులు కాదు. సున్నా ఉంటే ఫైర్‌వాల్ చూసుకో. క్రోనీసీ ట్రాకింగ్ అంటే ఇప్పుడు తేడా ఎంతున్నదో చెప్తది. పాత ఎన్‌టీపీడీల అయితే ఎన్‌టీపీక్యూ మైనస్ పి, అండ్ల ఆఫ్‌సెట్ మిల్లీసెకన్లల్ల ఉంటది, సెకన్లనుకొని భయపడకు.

లీప్ సెకండుతోని ఏమన్న గండం ఉన్నదా?

లీప్ సెకండు అంటే భూమి తిరుగుడుతోని యూటీసీని కలపనీకె అప్పుడప్పుడు కలిపే ఒక్క అదనపు సెకండు. ఇప్పటికైతే గండం లేదు. 1972 నుంచి 27 సార్లు కలిపిండ్రు, ఆఖరిది 2016 డిసెంబర్ 31 యూటీసీకి, మన దగ్గర అది 2017 జనవరి 1 తెల్లారి 5:29:60. 2012 జూన్‌ల కలిపినప్పుడు లైనక్స్ కర్నెల్ బగ్గుతోని చాలా సర్వర్లు సీపీయూ మొత్తం తిని మొరాయించినయి. 2035 లోపల ఈ పద్ధతి ఆపాలని 2022ల అంతర్జాతీయ తూనికలు కొలతల సమావేశంల నిర్ణయం చేసిండ్రు. గూగుల్ వాళ్లు ఆ అదనపు సెకండును 24 గంటల మీద కొంచెం కొంచెం పూస్తరు, మిగతా సర్వర్లు ఒక్కసారే కలుపుతయి, అందుకే రెండు రకాలను ఒకే లిస్టుల కలపొద్దు అన్నది.

2038ల అన్ని ఆగిపోతయంట, నిజమేనా?

32 బిట్లల్ల సెకన్లు దాచుకునేటివి 2038 జనవరి 19న, మన టైమ్ పొద్దున 8:44:07 దాటంగనే 1901కి పోతయి. 64 బిట్ మెషీన్లకు ఆ బాధ లేదు. 32 బిట్ లైనక్స్‌కు కూడా కర్నెల్ 5.6ల దారి దొరికింది, కానీ ప్రోగ్రాములు మళ్లీ కంపైల్ కావాలె. మీ మోటర్ కాడి పాత బోర్డులు, పాత కెమెరా డబ్బాలు ఉంటయి చూడు, అవి అనుమానం. దానికి ముందే 2036 ఫిబ్రవరి 7న ఎన్‌టీపీ సొంత 32 బిట్ లెక్క 1900 నుంచి నిండి మళ్లీ సున్నా అయితది, కొత్త క్లయింట్లకు అది తెలుసు. ఆర్‌డేట్‌కు కూడా అదే రోజు గండం.

టైమ్ సరిచేసినం, ఇప్పుడు మేక్ (ప్రోగ్రామ్ కంపైల్ చేసే కమాండ్) కొడితే ఫైళ్లు భవిష్యత్తులవి అంటున్నది.

గడియారం ముందుకు ఉన్నప్పుడు సేవ్ చేసిన ఫైళ్లు అవి. ఫైండ్ కమాండ్‌తోని ఇప్పటి టైమ్ కంటే కొత్తయి ఏవో వెతికి టచ్ కొట్టు, పోతది. వేరే మెషీన్ల ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్ అయితే టచ్ కొట్టినా మళ్లీ వస్తది, ఆ ఫైల్ సర్వర్ గడియారం కూడా సరిచెయ్యాలె. క్రాన్ల ఆ మధ్యల తప్పిపోయిన పనులు ఉంటే చేత్తో నడిపించుకోవాలె, ముఖ్యంగ రాత్రి బ్యాకప్.